గుండు, మల్లెపూలు, థైరాయిడ్ రిపోర్టు

నోరు మూసుకుని రక్తం తీసేవాళ్లని నేను నమ్మను. కొత్తగా లాబుల్లో చేరిన పిల్లలు తిరుత్తణిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ మాటే చెబుతాను. వాళ్లు ఫోన్ చూసుకుంటూ తలాడిస్తారు. సూది గుచ్చడం ఎవరైనా నేర్చుకుంటారు నాయనా. గుచ్చేముందు ఏం తిన్నావు, ఏ బస్సులో వచ్చావు, ఆ చీర ఎక్కడ కొన్నావు అని అడగడం ఏ కాలేజీలోనూ చెప్పరు. నాకైతే ఆ చదువు పుట్టుకతోనే వచ్చింది. మా అమ్మ నన్ను వాగుడుకాయ అనేది. నా పుణ్యమో ఆమె పుణ్యమో, ఆ వాగుడే ఒకసారి ఒక కడుపును కాచింది. అది చెబుతాను, ఫోన్లు పక్కన పెట్టండి.

నేను పనిచేసింది తిరువళ్లూరులో, ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి లాబులో. రోజూ పొద్దున తిరుత్తణిలో లోకల్ రైలెక్కి వెళ్లేదాన్ని. ఆసుపత్రిని నడిపేది ఆడవాళ్ల డాక్టరమ్మ. నాకన్నా చిన్నది, తక్కువ మాటల మనిషి. ఒక హెడ్ నర్సు ఉండేది. అరవావిడ, బంగారంలాంటి మనిషి, నోరు మాత్రం కొరడా. నేను పేషెంటుతో కబుర్లలో పడగానే తలుపు దగ్గరకొచ్చి "పోదుం పేచ్చు, వేలయ పారు" అనేది. మాటలు చాలు, పని చూడమని. ఆ మాట వినకుండా నాకు ఒక్క రోజు కూడా గడవలేదు. ఆవిడకూ నాకూ ఒకే సమయంలో నెలసరులు ఆగే వయసు వచ్చింది. నాకు ఏసీ గదిలో కూడా ఒళ్లంతా చెమటలు, ఆవిడకు ఉన్నట్టుండి చలి. నేను ఫ్యాన్ వేసేదాన్ని, ఆవిడ వచ్చి ఆపేది. మా ఇద్దరి కొట్లాట చూసి డాక్టరమ్మ, "హార్మోన్ల గురించి పుస్తకాలు ఎందుకు, మిమ్మల్నిద్దరినీ క్లాసుకు తీసుకుపోతే చాలు" అని నవ్వేది.

అలాంటి రోజుల్లో వచ్చింది పూండి పిల్ల. పూండి చెరువు దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే తెలుగువాళ్ల ఇంటి కోడలు. మోకాళ్లదాకా జడ. సన్నగా, మెల్లగా మాట్లాడే పిల్ల. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని అత్త వెంటబెట్టుకుని వచ్చింది. పరీక్ష చేస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది.

దీన్ని నేను పేషెంట్లకు ఎలా చెబుతానో మీకూ అలాగే చెబుతాను. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి ఒక పనివాడు. తలలోంచి వాడికి పని పురమాయించే మేస్త్రీ ఇంకొకడు. మనం రక్తంలో చూసే టీఎస్‌హెచ్ అనేది ఆ మేస్త్రీ గొంతు. పనివాడు బద్ధకిస్తే మేస్త్రీ అరుపు పెరుగుతుంది, పనివాడు ఎక్కువ చేస్తుంటే మేస్త్రీ నోరు మూసుకుంటాడు. ఈ పిల్ల మేస్త్రీ గొంతు చించుకుంటున్నాడు. డాక్టరమ్మ మాత్ర మొదలుపెట్టింది, కొన్ని నెలలకు అంతా దారికొచ్చింది. అయినా కడుపు రాలేదు.

అప్పుడు డాక్టరమ్మ, మొగుణ్ణి కూడా పరీక్షకు తీసుకురమ్మంది. అత్త కయ్యిమంది.

"మగోడికి టెస్టేంది డాక్టరమ్మా? మా వోడు చూడు ఎట్ల ఉండాడో, ఎద్దు మాదిరి!"

నిజంగా అలాగే ఉన్నాడు. పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని, సాయంత్రం జిమ్ము. చేతులు తొడల్లాగా. కానీ పరీక్షలో వీర్యకణాలు ఒక్కటీ కనబడలేదు. డాక్టరమ్మ తలుపు వేసి నిదానంగా అడిగితే అప్పుడు చెప్పాడు. పెళ్లిలో బాగా కనబడాలని జిమ్ములో ఎవరో చెబితే సూదులు మొదలుపెట్టాడట, ఆ తర్వాత మానలేకపోయాడట. మగ హార్మోను సూదులు. ఇక్కడా మేస్త్రీ కథే. బయటినుంచి సరుకు దిగుతుంటే లోపలి పనివాణ్ణి మేస్త్రీ ఇంటికి పంపేశాడు. మగతనం కోసం వేసుకున్న సూదే విత్తనాన్ని ఎండబెట్టింది. డాక్టరమ్మ అంత కోపంగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ సూదులు అమ్మిన కొట్టు గడప తొక్కితే మళ్లీ నా దగ్గరకు రావద్దని చెప్పేసింది. ఆ ఎద్దులాంటి మనిషి తల వంచుకుని, "ఇంకెప్పుడూ పోను మేడమ్" అన్నాడు. బయటికొచ్చి నా లాబు బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. నేను టీ తెప్పించి ఇచ్చాను. 

సూదులు మానాక లోపలి పనివాడు మళ్లీ పనిలోకి రావడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. ఆ ఏడాది చివర్లో ఆ మొగుడూ పెళ్లాం ఆడికృత్తిక పండక్కి మా తిరుత్తణి కొండకు వచ్చి సామికి తలనీలాలు ఇచ్చారు. ఆ మోకాళ్లదాకా ఉన్న జడ కూడా పోయింది. ఆ వచ్చే నెలలో తెలిసింది, ఆ పిల్ల గుండు చేయించుకునే నాటికే కడుపుతో ఉందని. హెడ్ నర్సు చెంపలు వేసుకుని, "అయ్యయ్యో, కడుపుతో ఉన్నది గుండు కొట్టించుకోకూడదే!" అంది. "సామికి తెలియదా ఏంది, ఆయనే ఇచ్చి ఆయనే తీసుకున్నాడు" అన్నాను నేను.

కడుపు వచ్చినప్పుడు థైరాయిడ్ మాత్ర పెంచాల్సి వస్తుంది. మొదటి నెలల్లో బిడ్డకు కావాల్సింది కూడా తల్లి దగ్గరినుంచే వెళ్లాలి. అది చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదలకు దెబ్బ, కడుపు నిలవడానికీ ముప్పు. అందుకే డాక్టరమ్మ మొదట్లోనే మాత్ర పెంచింది. తర్వాత పరీక్ష చేశాను, రిపోర్టు చూసి నేనే నమ్మలేదు. మేస్త్రీ గొంతు అసలు వినబడటం లేదు. థైరాయిడ్ హార్మోనేమో గట్టు తెంచుకున్నట్టు ఎక్కువగా ఉంది. మాత్ర మరీ ఎక్కువైందేమో అని డాక్టరమ్మ తగ్గించింది. మళ్లీ చూస్తే మళ్లీ అదే. ఇంకొంచెం తగ్గించింది. మళ్లీ అదే!

మనిషిని చూస్తే ఇంకోలా ఉంది. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడదడలాడాలి, చెమటలు పట్టాలి, మనిషి చిక్కిపోవాలి. ఈ పిల్ల ముఖం ఉబ్బి, చర్మం పొడిబారి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయేది. మా హెడ్ నర్సు తన స్వెట్టర్ తీసి ఆ పిల్లకు కప్పింది. తనకన్నా చలి పడేవాళ్లు ఒకరు దొరికారని ఆవిడకు లోపల సంతోషమేమో.

"రిపోర్టు ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది" అంది డాక్టరమ్మ నాతో.

నాకు చుర్రున కాలింది. నా మెషీన్‌ని ఎవరైనా ఒక మాట అంటే నా బిడ్డను అన్నట్టే ఉండేది. అంకె ముందే తెలిసిన శాంపిలు ఒకటి పెట్టి చూశాను, అంకె సరిగ్గా వచ్చింది. చెన్నైలో పెద్ద లాబుకు పంపాను. వాళ్లదీ మా మెషీన్ రకమే, అక్కడినుంచీ అదే రిపోర్టు. "చూశారా మేడమ్, నా మెషీన్ అబద్ధమాడదు" అని గొప్పగా కాగితం బల్లమీద పెట్టాను. డాక్టరమ్మ చెన్నైలో ఒక హార్మోన్ల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన రిపోర్టులు విని, థైరాయిడ్ మాత్ర పూర్తిగా ఆపేయండి, గ్రంథి దానంతట అదే రెచ్చిపోయినట్టుంది, నా దగ్గరకు పంపండి అన్నాడు. ఆయన తప్పేముంది, మనిషిని చూడలేదు కదా. డాక్టరమ్మ మాత్రం ఒక్కసారి మళ్లీ రక్తం చూసి ఆ పని చేద్దామంది. "ఇందులో తప్పటడుగు వేస్తే బిడ్డకు మనం ఏం జవాబు చెబుతాం?" అంది.

ఆ రోజు ముగ్గురూ వచ్చారు. అత్త, కొడుకు బయట కూర్చున్నారు. పిల్లను నేను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ కట్టాను. ఎప్పుడూ తలకు స్కార్ఫు కట్టుకునే వచ్చేది. ఆ రోజు ఉక్కగా ఉందని నేనే లాగేశాను. చూద్దును కదా, కోసిన మడిలో పిలకలు లేచినట్టు తలంతా దట్టంగా జుట్టు!

"ఓసినీ! గుండు చేయించుకుని ఎన్నాళ్లయింది, అప్పుడే ఇంత వచ్చేసిందా? ఏం పూస్తా ఉండావే తలకి?"

ఆ పిల్ల చాలా రోజుల తర్వాత నవ్వింది.

"పూసేది ఏమీ లేదక్కా. మీ తమ్ముడు మాత్రలు తెచ్చినాడు."

వాళ్లాయన్ని నాకు తమ్ముణ్ణి చేసేసింది. అతను టీ తాగిన రోజునుంచీ నన్ను అక్కా అంటున్నాడు లెండి.

"ఏం మాత్రలే?"

"జుట్టు మాత్రలు. సీమంతానికి పూలజడ వెయ్యాల కదా, గుండుకి యాడ పెడతారు పూలు? నేను అద్దంలో చూసుకోని ఒగ రోజు ఏడిస్తే, పాపం, ఆ పట్టాభిరామ్ సూదుల కొట్టుకే పోయి తెచ్చినాడు. దినానికి రెండు. డాక్టరమ్మకు చెప్పొద్దక్కా. ఆ కొట్టుకు పోయినాడని తెలిస్తే మళ్లా తిడతాది."

"నేనెందుకు చెప్తానే! ముందు ఆ మాత్ర పేరు చెప్పు" అన్నాను. నిజం చెబుతున్నాను, నా మనసులో ఆ పిల్ల రిపోర్టు లేదు, నా నెత్తి ఉంది. నెలసరులు ఆగే వయసులో నాకు దువ్వెనకు గుప్పెళ్లు గుప్పెళ్లుగా జుట్టు వచ్చేది. ఆ పిల్ల సంచిలోంచి డబ్బా తీసి చూపించింది. నేను ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. తలుపు దగ్గర "పోదుం పేచ్చు" వినబడింది.

రక్తం మెషీన్‌లో పెట్టాను. అదే అంకె, అదే తలకిందుల లెక్క. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, థైరాయిడ్ మాత్ర ఆపమని రాసి ఇచ్చింది. వాళ్లు ముగ్గురూ బస్టాండుకు బయలుదేరారు.

కాఫీ వేళకు నేను డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను. ఆవిడ దిగులుగా కూర్చుని ఉంది. కాస్త నవ్విద్దామని ఫోన్ చూపించి, "మేడమ్, నా జుట్టు చూశారా, ఎలుక తోకలా అయింది. ఈ మాత్రలు నేను వేసుకోవచ్చా?" అని అడిగాను.

ఆవిడ చూసి, "ఇది బయోటిన్ అక్కా, ఒక విటమిన్. ఇంత ఎక్కువ మోతాదు ఎందుకు? పైగా నువ్వు లాబ్‌లో ఉంటావు, నీకే తెలియాలి. ఇది వేసుకుంటే హార్మోన్ పరీక్షలన్నీ..." అంటూ ఆగిపోయింది. కాఫీ గ్లాసు బల్లమీద పెట్టేసింది.

"ఇది నీకు ఎవరు చెప్పారు?"

ఆ పిల్లకు మాట ఇచ్చానే అని ఒక్క క్షణం గుర్తొచ్చింది. మాట గాలికి పోనీ.

"పూండి పిల్ల మేడమ్."

సంగతేమిటంటే, మా మెషీన్ రక్తంలో హార్మోన్‌ని పట్టుకోవడానికి ఆ విటమిన్‌నే జిగురులాగా వాడుకుంటుంది. రక్తంలో ముందే ఆ విటమిన్ కుప్పలుగా ఉంటే జిగురు పట్టాల్సిన చోట అదే పోయి అతుక్కుంటుంది. అప్పుడు ఎక్కువ ఉన్న టీఎస్‌హెచ్ లేనట్టు కనబడుతుంది, తక్కువ ఉన్న హార్మోను ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. నా మెషీన్ అబద్ధం ఆడలేదు, దాని కళ్లకు ఎవరో గంతలు కట్టారు. ఆ పిల్లకు థైరాయిడ్ పొంగిపొర్లడం కాదు, ఎండిపోతోంది. మేము దానికి ఉన్న కాస్త నీళ్లూ ఆపమని రాసిచ్చి పంపించాం.

ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఎత్తలేదు. నేను తెల్ల కోటుతోనే పరుగెత్తాను. నా వెనకాల హెడ్ నర్సు! ఒక పూట ఆగితే కొంపేమీ మునిగేది కాదని ఇప్పుడనిపిస్తుంది. ఆ క్షణంలో మాత్రం ఆ బస్సు బిడ్డను తీసుకుపోతున్నట్టే ఉంది నాకు. పూండి బస్సు కదలబోతుంటే హెడ్ నర్సు దాని ముందుకు వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడింది. డ్రైవరు ఏదో తిట్టాడు, ఈవిడ అంతకు రెండింతలు తిట్టింది. ఎప్పుడూ నా వాగుడు ఆపే మనిషి, ఆ రోజు ఆవిడ నోరు నాకు తల్లి మాటలా వినబడింది.

ముగ్గుర్నీ దింపి, బస్టాండు నీడలో నిలబెట్టి విషయం చెప్పాను. అత్త తేరుకుని కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఒరే, సూదులు అయిపోయినాయి, ఇప్పుడు మాత్రలా! నీ ఎద్దు బుద్ధి ఎప్పుడు పోతాదిరా?"

ఆ అబ్బాయి నాకేసి చూశాడు. కళ్లనిండా నీళ్లు.

"అది అద్దం ముందర ఏడిస్తే చూడలేకపోయినానక్కా. విటమిన్నే కదా, మందు కాదు కదా అనుకుంటిని. నా బిడ్డకు నేనే..."

"నోరు ముయ్యి" అన్నాను.  ఆ పిల్ల వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "నేనే కదా వేసుకొనింది, ఆయప్పను ఏల అంటారు" అంది మెల్లగా. ఏమిటో ఆ ఇద్దరూ! ఒకరిని తిడదామంటే ఇంకొకరు అడ్డం.

డాక్టరమ్మ ఆ రోజే థైరాయిడ్ మాత్ర మళ్లీ పెంచి రాసింది, జుట్టు మాత్రలు తన డ్రాయర్‌లో వేసుకుంది. ఎవరినీ తిట్టలేదు. ఆ విటమిన్ ఒంట్లోంచి పోయేదాకా ఆగి రక్తం చూశాను. మేస్త్రీ గొంతు మళ్లీ వినబడింది. అరుస్తున్నాడు, చాలా గట్టిగా. అలాంటి చెడ్డ రిపోర్టు చూసి సంతోషపడింది నా సర్వీసులో అదొక్కసారే.

కానీ పోయిన వారాలు పోయినట్టే కదా. సీమంతానికి నన్నూ, హెడ్ నర్సునూ పిలిచారు. జుట్టు మెడదాకా కూడా రాలేదు. అత్త తన పెళ్లినాటి సవరం పెట్టెలోంచి తీసింది. ఉన్న కాస్త జుట్టుకూ దాన్ని పిన్నులతో బిగించి, మల్లెపూలు కుట్టి, కోడలిని బొమ్మలా ముస్తాబు చేసింది.  గాజులు తొడిగే వేళ ఆ పిల్ల నా చెవిలో అడిగింది.

"అక్కా, బిడ్డకు ఏమన్నా అయ్యుంటాదా?"

డాక్టరమ్మను నేనూ అదే అడిగి ఉన్నాను. చాలామటుకు బాగానే ఉంటుంది, గట్టిగా మాత్రం చెప్పలేనని అంది. నేను ఎంత వాగుడుకాయనైనా అబద్ధం చెప్పలేకపోయాను. "ఏమో తల్లీ. మాత్ర మాత్రం మానొద్దు" అని రెండు గాజులు ఎక్కువ తొడిగాను.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన బిడ్డ మడమలోంచి చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూస్తాం. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వలేదు. ఆ చిట్టి మడమను అరచేతిలో పెట్టుకుని, మొదటిరోజు ఉద్యోగంలోలాగా సూదిని రెండుసార్లు సరిచూసుకున్నాను. గుచ్చగానే బిడ్డ ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. తలుపు దగ్గర హెడ్ నర్సు నిలబడి ఉంది. ఆ రోజు "పోదుం" అనలేదు. అంకె చక్కగా వచ్చింది. ఆ ఒక్క అంకెతో అన్నీ తెలిసిపోవని డాక్టరమ్మ చెప్పింది, బిడ్డ ఎదుగుతుంటే చూస్తూ ఉండాలంది. చూశాం. మెడ నిలిపింది, బోర్లాపడింది, నన్ను చూస్తే సూది గుర్తొచ్చినట్టు మూతి వంకరపెట్టేది. ప్రతి నెలా ఏదో వంకతో వాళ్ల అమ్మ ఆసుపత్రికి తెచ్చి నాకు చూపించి వెళ్లేది. నేనూ ఏదో వంకతో ఆ బిడ్డ నోట ఒక మాట పలికించాలని చూసేదాన్ని.

ఏడాది నిండాక పుట్టువెంట్రుకలు మా తిరుత్తణి కొండమీదే తీయించారు. మా ఇంట్లోనే దిగారు. క్షురకుడు కత్తి పెట్టగానే బిడ్డ వాళ్ల నాన్న ఒడిలో కొండ దద్దరిల్లేలా ఏడ్చింది. అతనూ గుండుతోనే ఉన్నాడు. అంతా అయ్యాక చందనం పూసిన తన తలను తానే తడుముకుని, వాళ్ల నాన్న తల తడిమి, కిలకిలా నవ్వింది. వెంటనే అటూ ఇటూ చూసి, స్పష్టంగా, "యాడ?" అంది. వెంట్రుకలు యాడికి పోయినాయని! ఆ ఒక్క మాటకు హెడ్ నర్సు కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సిగ్గులేకుండా అందరి ముందూ ఏడ్చాను.

నాయనమ్మ మనవరాలిని చంకనేసుకుని, ఆ గుండు ముద్దుపెట్టుకుని, "ఆడపిల్ల కదా, మళ్లా జుట్టు ఎప్పటికి వస్తాదో ఏమో" అంది.

అందరం ఒకేసారి ఆ అబ్బాయివైపు తిరిగాం. అతను గాభరాగా రెండు చేతులూ పైకెత్తాడు.

"నన్నేల చూస్తారు? దానంతట అదే వస్తాది!"